కొలిచే ముందు కాసేపు ఆగాలి

మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు రోజూ ఇట్లాంటి యంత్రం ముందు నిలబడుతూ ఉంటారు. చేతిలోని పీసును దాంట్లో పెడతారు, రెండు బటన్లు నొక్కుతారు, కొన్ని సెకన్లు కాచుకుంటారు. పచ్చ దీపం వెలిగితే పీసు బాగున్నట్టు. ఎర్ర దీపం వెలిగితే దాన్ని పక్కనున్న ఎర్ర డబ్బాలో వేయాలి. ఆ డబ్బా నిండేకొద్దీ సూపర్‌వైజర్ ముఖం మారిపోతుంది. నెలాఖరున ఇన్సెంటివ్ వేసేటప్పుడు ఆ డబ్బా లెక్క కూడా ముందుకొస్తుంది.

ఆ యంత్రాన్ని టెస్ట్ బెంచి అంటారు. దాని లోపలి కంప్యూటర్‌కు ఏం చేయాలో చెప్పే ప్రోగ్రాము రాయడం నా పని. హోసూరులో పదహారేళ్లుగా ఇదే చేస్తున్నాను. పచ్చ దీపం ఎప్పుడు వెలగాలి, ఎర్ర దీపం ఎప్పుడు వెలగాలి అని తేల్చే వరుసలు నావంటివాళ్లు రాసినవే. అట్ల నేను మార్చిన ఒకే ఒక్క వరుస వల్ల ఒక అక్క చేయని తప్పుకు మాట పడింది. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను. దానికన్నా ముందు మా నాయన చేసిన పని గురించి చెప్పాలి. ఎందుకంటే నేను చేసిన తప్పు ఆయన ఎన్నడూ చేయలేదు.

మిల్లు ల్యాబులో నూలు

మా నాయన కృష్ణగిరి పక్కన ఒక స్పిన్నింగ్ మిల్లులో పని చేసేవాడు. మొదట రింగ్ ఫ్రేముల దగ్గర ఉండి, తర్వాత ల్యాబులో హెల్పరుగా చేరినాడు. మధ్యాహ్నం క్యారియర్ తీసుకుపోయినప్పుడు నన్ను ల్యాబు గడప దాకా పోనిచ్చేవాళ్లు. అక్కడ ర్యాప్ రీల్ అనే చట్రం ఉండేది. దాని చుట్టుకొలత ఒకటిన్నర గజం. కాపుల నుంచి నూలు తీసి దాని మీద 80 చుట్లు తిప్పితే 120 గజాలు. దాన్ని ఒక లీ అంటారు. ఏడు లీలు ఒక హ్యాంకు, అంటే 840 గజాలు. ఒక పౌను బరువులో ఎన్ని హ్యాంకులు తూగుతాయో అదే నూలు కౌంటు. 40 కౌంటు నూలంటే 40 హ్యాంకులు కలిస్తే ఒక పౌను. ఆ లెక్కన 40 కౌంటు నూలు ఒక లీ బరువు 1.62 గ్రాములు రావాలి.

మిల్లులో చేసినవాళ్లకు ఇది తెలిసిన లెక్కే. అయినా ఇక్కడ ఒక చిక్కు ఉంది. పత్తి నూలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ రెండు శాతం ఎక్కువ పట్టిందంటే 1.62 గ్రాముల లీ 1.65 తూగుతుంది. అప్పుడు 40 కౌంటు నూలే 39 చిల్లరగా కనిపిస్తుంది. నూలు మారలేదు, గాలి మారింది. పైగా తడి పట్టిన పత్తి నూలు బలంగా కూడా ఉంటుంది. అందువల్ల లీని లాగి తెంపే యంత్రం కూడా ఎక్కువ పౌన్లు చూపిస్తుంది. అందుకే నూలు ల్యాబుల్లో గాలికి ఒక కట్టుబాటు పెట్టినారు. మన దేశంలో ఆ లెక్క 27 డిగ్రీల వేడి, 65 శాతం తేమ. నూలును ఆ గాలిలో చాలాసేపు ఉంచి, అప్పుడే కొలవాలి.

ఒకసారి నాయన కాపులను పళ్లెంలో పెట్టి ఊరికే కూచున్నాడు. "ఏం నాయనా, తూకం వేయవా?" అని అడిగితిని.

"ఇప్పుడే డిపార్టుమెంటు నుంచి వచ్చిందిరా ఈ నూలు. ఆడ ఒక గాలి, ఈడ ఒక గాలి. దీన్ని కాసేపు ఈడి గాలికి అలవాటు పడనీ. తొందరపడి తూకం వేస్తే తక్కెడ తప్పు చెప్పదు గాని, మనం తప్పు అడిగినట్ల అవుతుంది."

ఆ మాట అప్పుడు నాకు అర్థం కాలేదు. నూలు కౌంటు తప్పితే సైడు చూసే మనిషిని పిలిచి అడుగుతారని, ఆ అడగడం ఎంత గట్టిగా ఉంటుందో కూడా అప్పటికి తెలియదు.

హోసూరులో కొలిచే పని

మిల్లుల్లో చేసిన ఇళ్ల నుంచి రెండో తరం చాలామంది హోసూరు బండెక్కినారు. సిప్‌కాట్ సంస్థ 1971లో పుట్టింది. అది ఇక్కడ స్థలాలు తయారు చేసి ఇచ్చిన తర్వాత ఊరి రూపే మారిపోయింది. 1980లో అశోక్ లేలాండ్ లారీల ఫ్యాక్టరీ పని మొదలుపెట్టింది. అదే ఏడు ఇక్కడి నుంచి టీవీఎస్ 50 మోపెడ్ బయటికొచ్చింది. టాటావాళ్లూ తమిళనాడు ప్రభుత్వ సంస్థ టిడ్కో కలిసి పెట్టిన టైటాన్ గడియారాల కంపెనీ కూడా ఇక్కడే ఫ్యాక్టరీ కట్టింది. ఈ పెద్దవాటి చుట్టూ పోత పోసేవి, కోసేవి, రంగు వేసేవి, తీగలు కట్టేవి చిన్నా పెద్దా షెడ్లు వచ్చినాయి.

వస్తువు ఏదైనా చివరికి ఎవరో ఒకరు కొలిచి 'సరే' అనాలి. క్వార్ట్జ్ గడియారాన్నే తీసుకోండి. రోజుకు ఒక్క సెకను తప్పితే అది 86,400లో ఒక వంతు తప్పు. ఆ తప్పును పట్టడానికి రోజంతా గడియారం ముందు కూచోలేరు గదా. గడియారంలోని స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. పరీక్ష యంత్రం ఆ కంపనాలను కొద్ది సెకన్లు లెక్కబెట్టి, దాన్నుంచి రోజుకు ఎంత తప్పుతుందో గుణించి చెబుతుంది. చెయ్యీ కన్నూ చేయలేని ఇట్లాంటి లెక్కకే ప్రోగ్రాము కావాలి.

మేము చేసే పని మాటల్లో చెబితే సులభమే. బెంచిలో సెన్సరు ఉంటుంది. అది ఒత్తిడినో వేడినో బరువునో చిన్న కరెంటుగా మార్చి తీగ మీద పంపుతుంది. ఫ్యాక్టరీల్లో ఎక్కువగా ఉండే పద్ధతి 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్లు. 0 నుంచి 5 బార్ దాకా కొలిచే సెన్సరైతే, ఒత్తిడి ఏమీ లేనప్పుడు 4, పూర్తిగా 5 బార్ ఉంటే 20, సగం ఉంటే 12 వస్తుంది. సున్నా దగ్గర మొదలుపెట్టకుండా నాలుగు ఎందుకని మీరు అడగొచ్చు. ఎలుక తీగ కొరికేస్తే కరెంటు సున్నా అయిపోతుంది. సున్నా అంటే 'ఒత్తిడి లేదు' అని పెట్టుకొని ఉంటే, తెగిన తీగ కూడా 'అంతా బాగుంది' అన్నట్టే కనిపించేది. నాలుగు పెట్టడం వల్ల 'ఒత్తిడి లేదు' అనేది వేరు, 'నాకేమీ తెలియడం లేదు' అనేది వేరు అని తెలిసిపోతుంది. ఎవరు మొదట ఆలోచించినారో గాని, మంచి బుద్ధి.

ఆ కరెంటును చదవడం, అంకెగా మార్చడం, వాల్వులను సరైన వరుసలో తెరిచి మూయడం, అంకె హద్దులో ఉందా లేదా చూడడం, దీపం వెలిగించడం, లెక్క రాసి పెట్టడం. ప్రోగ్రాము పని అంతే. యంత్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి 1975లోనే ఒక ఉమ్మడి పద్ధతి ఖాయమైంది. 1986లో అమెరికాలోని నేషనల్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీ ల్యాబ్‌వ్యూ తెచ్చింది. దాంట్లో అక్షరాలు రాయడానికి బదులు తెర మీద బొమ్మలను తీగలతో కలిపినట్టు కలుపుతూ పోతే ప్రోగ్రాము తయారవుతుంది. వైరింగ్ తెలిసిన డిప్లొమా పిల్లలకు అది తొందరగా పట్టుబడుతుంది. నేను కూడా ఆ దారిలోనే వచ్చినాను.

నేను తీసేసిన నాలుగు సెకన్లు

ఇక అసలు సంగతి. కంపెనీ పేరు అక్కరలేదు. బండ్లలో పెట్రోలు పోయే దారిలో బిగించే ఒక అల్యూమినియం పోత అక్కడ తయారయ్యేది. పోతలో కంటికి కనపడని సన్న రంధ్రాలుంటే పెట్రోలు కారుతుంది. పెట్రోలు కారితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. అందుకే ప్రతి పీసుకూ గాలి పరీక్ష.

పరీక్ష నాలుగు మెట్లు. పీసులోకి 2 బార్ గాలి నింపాలి. వాల్వు మూసి గాలి కుదురుకునే దాకా ఆగాలి. తర్వాత 5 సెకన్లలో ఒత్తిడి ఎంత పడిందో చూడాలి. చివరికి గాలి వదిలేయాలి. ఆ 5 సెకన్లలో ఒత్తిడి 3 మిల్లీబార్ కన్నా ఎక్కువ పడితే పీసు కారుతున్నట్టు లెక్క, ఎర్ర దీపం.

నేను మొదట రాసినప్పుడు రెండో మెట్టు, అంటే ఆగడం, 8 సెకన్లు పెట్టినాను. దీపావళి ముందు ఆర్డర్లు పెరిగినాయి. "ఆ ఎనిమిది సెకన్లూ ఊరికే పోతా ఉండాయి గదప్పా, తగ్గించు" అని అడిగినారు. పీసు పెట్టి తీసేదాంతో కలిపి ఒక్కోదానికి 25 సెకన్లు పట్టేది. నాలుగు సెకన్లు తీసేస్తే షిఫ్టుకు దాదాపు రెండు వందల పీసులు ఎక్కువ వస్తాయి. నేను సరే అంటిని. ఒక మధ్యాహ్నం క్వాలిటీ రూములో ఉన్న పది పీసులు పెట్టి చూసినాను. మంచివి పచ్చ, కారేవి ఎర్ర. 8ని 4 చేసి ఇంటికి పోయినాను.

డిసెంబరులో ఫోను వచ్చింది. పొద్దున షిఫ్టులో రిజెక్టులు పెరిగిపోయినాయి. అంతకన్నా పెద్ద గొడవ ఏమంటే, ఆ బెంచి మీద చేసే ఒక అక్క ఎర్ర వచ్చిన పీసులను మళ్లీ మళ్లీ పెట్టి పచ్చ చేస్తోంది. ఒకసారి ఎర్ర వచ్చిన పీసును మళ్లీ పెట్టకూడదని అక్కడ నియమం. ప్రతి పీసు మీదా చెక్కిన నంబరు ఉంటుంది, దాన్ని స్కానరు చదువుతుంది. ఏ పీసును ఎన్ని గంటలకు ఎన్నిసార్లు పెట్టినారో నా ప్రోగ్రామే రాసి పెడుతుంది. ఆ లెక్క ప్రింటు తీసి బల్ల మీద పెట్టినారు. ఒకే నంబరు రెండుసార్లు, మొదట ఎర్ర, పది నిమిషాల తర్వాత పచ్చ. పద్దెనిమిది నంబర్లు అట్ల ఉన్నాయి. ఆమె ఆ నెల ఇన్సెంటివ్ ఆపినారు. ప్యాకింగుకు మార్చినారు. 'కారే పీసులను పాస్ చేసే మనిషి' అనే పేరు కూడా తగిలించినారు.

బెంచి బాగుందని సంతకం పెట్టి పొమ్మని నన్ను పిలిచినారు. చూసినాను. సెన్సరుకు కాలిబ్రేషన్ సర్టిఫికెట్ ఉంది, తేదీ దాటలేదు. తెలిసిన ఒత్తిడి ఇస్తే సరిగ్గా చూపిస్తోంది. బెంచి బాగుందని రాయడానికి పెన్ను తీసినాను.

ఒడిలో పెట్టుకున్న పీసు

టీ సమయంలో ఆ అక్క నా దగ్గరికి వచ్చింది. డెంకణికోట పక్కనుంచి కంపెనీ బస్సులో తెల్లారకముందే బయలుదేరి వచ్చే మనిషి.

"సార్, మీ కంప్యూటర్ నాకు తెలీదు. ఒకటి మాత్రం చూస్తిని. పొద్దున్నే చేతికి సల్లగా తగిలిన పీసు ఎర్ర పడతా ఉండాది. దాన్నే కాసేపు ఒడిలో పెట్టుకొని మళ్ల పెడితే పచ్చ వస్తా ఉండాది. కారే పీసు ఒడిలో పెట్టుకుంటే కారకుండా పోతుందా? మీరే చెప్పండి."

నేను ఏమీ అనలేకపోతిని. ఆమె ఇంకొక మాట కూడా చెప్పింది. "మధ్యాన్నం పీసులు కడిగి ఆరబెట్టే మిషను నుంచి వేడివేడిగా వస్తాయి. అప్పుడు ఎర్ర దీపమే రాదు. ఒక పూటంతా ఒకటి కూడా పడకపోవడం నాకు బాగలేదు సార్."

చిన్నప్పుడు ల్యాబు గడప దగ్గర నాయన చెప్పిన మాట అప్పుడు గుర్తుకొచ్చింది. ఆడ ఒక గాలి, ఈడ ఒక గాలి.

మూసిన పాత్రలో గాలి వేడెక్కితే ఒత్తిడి పెరుగుతుంది, చల్లారితే తగ్గుతుంది. ఇది మన బళ్లో చెప్పిన పాఠమే. ఎంత తగ్గుతుందో లెక్క వేయడం కష్టం కాదు. 27 డిగ్రీల గాలిని శాస్త్రం ప్రకారం అడుగు సున్నా, అంటే మైనస్ 273 నుంచి లెక్కబెడితే 300 డిగ్రీలు. అంటే ఒక డిగ్రీ మారితే ఒత్తిడి 300లో ఒక వంతు మారుతుంది. బయటి గాలి బరువు కూడా కలిపితే పీసులోని ఒత్తిడి సుమారు 3000 మిల్లీబార్. దాంట్లో 300వ వంతు 10 మిల్లీబార్. మా హద్దు 3 మాత్రమే. గాలి ఒక డిగ్రీలో మూడో వంతు చల్లారినా చాలు, బంగారం లాంటి పీసు కూడా 'కారుతోంది' అని తేలుతుంది.

హోసూరు ఎత్తు మీద ఉన్న ఊరు. డిసెంబరు తెల్లవారుజామున ఎంత చలి ఉంటుందో ఫస్ట్ షిఫ్టుకు పోయేవాళ్లకు నేను చెప్పాలా? రాత్రి షట్టరు పక్కన పేర్చిన పీసులు రాయిలాగ చల్లబడతాయి. దాంట్లోకి వచ్చే గాలి, అందులోనూ ఒత్తిడితో దూరే గాలి, వెచ్చగా ఉంటుంది. అది చల్లటి పీసు గోడలకు తగిలి చల్లారుతుంది. ఒత్తిడి పడుతుంది. 8 సెకన్లు ఆగి ఉంటే ఆ చల్లారడం చాలావరకు ముందే ముగిసేది. 4 సెకన్లే ఆగి కొలవడం మొదలుపెడితే, చల్లారడాన్నే మేము కారడం అనుకున్నాము.

మధ్యాహ్నం జరిగింది దీనికి తలకిందులు. పీసు వేడిగా ఉంది, గాలి దానికన్నా చల్లగా ఉంది. లోపలికి పోయిన గాలి వేడెక్కుతూ ఉంటుంది. ఒత్తిడి పెరగాలని చూస్తుంది. అదే సమయంలో రంధ్రం నుంచి గాలి పోతున్నా ఆ పెరుగుదల దాన్ని కప్పేస్తుంది. కారే పీసుకు పచ్చ దీపం వెలుగుతుంది. ఆమె భయపడింది దీనికే. పేరు మాత్రం ఆమెకే పడింది.

మరునాడు ఆరు గంటలకే పోయినాను. బాగున్నదని ముందే తెలిసిన మాస్టర్ పీసును రాత్రంతా షట్టరు దగ్గర పెట్టించినాను. పొద్దున పెట్టి చూస్తే 4.1 మిల్లీబార్, ఎర్ర. దాన్నే గదిలో గంటసేపు ఉంచి మళ్లీ పెడితే 0.8, పచ్చ. తర్వాత కారుతుందని తెలిసిన పీసును ఆరబెట్టే మిషనులోంచి తీసిన వెంటనే పెట్టినాను. 2.2, పచ్చ. ఆ పచ్చ దీపాన్ని చూస్తూ చాలాసేపు నిలబడిపోతిని.

ఆ తర్వాత

నా తప్పు నేనే రాసి ఇచ్చినాను. రాసేటప్పుడు 'పర్యావరణ పరిస్థితులు' అని పెద్ద మాట వేసి తప్పించుకోవాలని కూడా ఒక నిమిషం అనిపించింది. 'అక్టోబరులో నేను ఆగే సమయం సగానికి తగ్గించినాను, చల్లటి పీసుతోనూ వేడి పీసుతోనూ పరీక్షించి చూడలేదు' అనే రాసినాను. కంపెనీవాళ్లు గోడౌనులోని పెట్టెలన్నీ విప్పించి పీసులను మళ్లీ పరీక్షించినారు. కారేవి దొరికినాయి. బయటికి పోయినవాటి సంగతి కొన్నవాళ్లకు చెప్పి వెనక్కి తెప్పించుకున్నారు. ఖర్చు చాలానే అయింది.

బెంచిలో చేసిన మార్పులు ఇవి. ఆగే సమయం మళ్లీ 8 సెకన్లు. బెంచి పక్కన అర పెట్టి, పీసులు గది వేడికి వచ్చిన తర్వాతే పరీక్ష. పీసు వేడిని చూసే చిన్న సెన్సరు ఒకటి. హద్దు దాటి చల్లగానో వేడిగానో ఉంటే బెంచి పరీక్షే మొదలుపెట్టదు. 'పీసు ఇంకా కుదరలేదు, ఆగండి' అని తెలుగు, తమిళం, కన్నడం, హిందీ నాలుగు భాషల్లో చెబుతుంది. దీపం ఒకటే కాకుండా అంకె, ఒత్తిడి పడిన గీత కూడా తెర మీద కనిపిస్తాయి. ప్రతి షిఫ్టు మొదట్లో ఒక మంచి మాస్టర్ పీసు, ఒక కారే మాస్టర్ పీసు పెట్టి చూడనిదే లైను మొదలుకాదు. ఆఖరుది, నాకు ముఖ్యమైనది: హద్దులూ సెకన్లూ మార్చినవాళ్ల పేరు, తేదీ, కారణం లెక్కలో పడతాయి. పని చేసే మనిషి ఎన్నిసార్లు బటన్ నొక్కిందో రాసిన నా ప్రోగ్రాము, నేను 8ని 4 చేసిన సంగతిని మాత్రం ఎక్కడా రాయలేదు. అది న్యాయం కాదు గదా.

ఆ అక్కకు ఆపిన ఇన్సెంటివ్ రెండు నెలల తర్వాత ఇచ్చినారు. బెంచి దగ్గరికి మాత్రం మళ్లీ పిలవలేదు, ప్యాకింగులోనే ఉంచినారు. పోయి క్షమించమని అడిగితిని. "డబ్బు వస్తే వచ్చిందిలే తమ్ముడా. నన్ను పిలిపించి నిలబెట్టి అడిగిన దినం అందురూ ఉండిరి. తప్పు నాది కాదని చెప్పిన దినం ఎవురూ లేరు" అనింది. దానికి నా దగ్గర జవాబు లేదు. ఆమె ఒప్పుకుంటేనే ఈ సంగతి ఇక్కడ రాస్తున్నాను. పేరు వద్దనింది.

పెద్ద కంపెనీల్లోనూ

ఇట్లాంటివి చిన్న షెడ్లలోనే జరుగుతాయని అనుకోకండి. 1999 సెప్టెంబరులో అమెరికావాళ్లు అంగారకుడి దగ్గరికి పంపిన ఒక వ్యోమనౌక నాశనమైంది. నేల మీద ఒక ప్రోగ్రాము తోపుడు బలాన్ని పౌన్లలో లెక్కవేసి ఇచ్చింది, దాన్ని తీసుకున్న ఇంకో ప్రోగ్రాము న్యూటన్లు అనుకునింది. ఒక పౌను బలం దాదాపు నాలుగున్నర న్యూటన్లు. లీ బలాన్ని పౌన్లలో చూసిన మిల్లు మనిషి ఎవరైనా మొదట అడిగే ప్రశ్న 'ఇది ఏ లెక్కలో?' అనే. అక్కడ ఎవరూ సమయానికి అడగలేదు.

తెలియక చేసే తప్పు ఒకటైతే, తెలిసి చేసే మోసం ఇంకొకటి. ఫోక్స్‌వాగన్ కంపెనీ డీజిలు కార్ల సంగతి 2015 సెప్టెంబరులో బయటపడింది. కారు రోలర్ల మీద, అంటే టెస్ట్ బెంచి మీద ఉందని దాంట్లోని ప్రోగ్రాము కనిపెట్టేది. చక్రాలు తిరుగుతుంటాయి గాని స్టీరింగ్ తిరగదు, వేగం ఎప్పుడూ పరీక్షకు రాసిన వరుసలోనే ఉంటుంది. ఇట్లాంటి గుర్తులు చూసి పరీక్ష అయినంతసేపు పొగను శుభ్రంగా వదిలేది. రోడ్డెక్కినాక మామూలే. కొన్ని కార్లు రోడ్డు మీద నైట్రోజన్ ఆక్సైడ్లను హద్దుకు 40 రెట్ల దాకా వదులుతున్నాయని అమెరికా పర్యావరణ సంస్థ చెప్పింది. లోకం మొత్తం మీద సుమారు ఒక కోటీ పది లక్షల బండ్లలో ఆ ప్రోగ్రాము ఉన్నట్టు కంపెనీయే ఒప్పుకుంది.

దాన్ని మొదట పట్టింది వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయంలోని చిన్న బృందం. కొలిచే సాధనాన్ని కారు వెనకాల కట్టుకొని మామూలు రోడ్ల మీద తిరిగినారు. ఆ బృందంలో మన దేశం నుంచి పోయిన అరవింద్ తిరువేంగడం, హేమంత్ కప్పన్న ఉన్నారు. కప్పన్నది మనకు పక్కనే ఉన్న బెంగళూరు. బెంచి మీది అంకె, రోడ్డు మీది అంకె కలవకపోతే వాళ్లు తమ సాధనమే తప్పేమో అని మళ్లీ మళ్లీ సరిచూసుకున్నారు. దొంగను పట్టాలని బయలుదేరినవాళ్లు కాదు వాళ్లు. అంకె ఎందుకు తేడా వస్తోందని అడుగుతూ పోయినారు, అంతే.

మన ఇళ్లకు

యంత్రం చెప్పిందంటే ఇంకేముంది అని మనవాళ్లు తల వంచుకుంటారు. నేను ఆ యంత్రం లోపలి మనిషిని కాబట్టి చెబుతున్నాను. అంకె యంత్రానికి దానంతట అది పుట్టదు. ఎంతసేపు ఆగాలి, హద్దు ఎక్కడ పెట్టాలి, ఏది రాసి పెట్టాలి, ఏది రాయకూడదు అని ఒక మనిషి నిర్ణయించి ఉంటాడు. ఆ మనిషికి తొందర ఉండొచ్చు, మధ్యాహ్నం మాత్రమే చూసి ఉండొచ్చు.

కాబట్టి మీ పని మీద యంత్రం చెడ్డ మాట చెబితే, గొడవ పడకుండా మూడు ప్రశ్నలు అడగండి. మంచిదని తెలిసిన పీసును ఇప్పుడు, ఈ గంటలో, పెట్టి చూసినారా? దీని హద్దులూ సమయాలూ ఈమధ్య ఎవరైనా మార్చినారా? దీపం కాకుండా అంకె ఎంత వచ్చిందో చూపిస్తారా? ఏ మంచి ఇంజనీరుకూ ఈ ప్రశ్నలు కోపం తెప్పించవు. చేతికి తగిలినదీ కంటికి కనపడినదీ తేదీ, గంటతో ఒక చిన్న పుస్తకంలో రాసి పెట్టుకోండి. ఆ అక్క దగ్గర అట్లాంటి పుస్తకం ఉండి ఉంటే, ఆ పద్దెనిమిది నంబర్ల కథ మొదటిరోజే ఇంకోలా ఉండేది.

ఇంట్లో డిప్లొమానో ఐటీఐనో చదివే పిల్లలుంటే ఈ పని గురించి చెప్పండి. ఎలక్ట్రానిక్స్, ఇన్‌స్ట్రుమెంటేషన్ చదివినవాళ్లకు హోసూరు చుట్టుపక్కల దీంట్లో చోటు ఉంది. ప్రోగ్రాము రాయడం ఆరు నెలల్లో నేర్చుకోవచ్చు. పీసు చల్లగా ఉందని చేతికి తెలియడం, పూటంతా ఎర్ర దీపం రాకపోతే అనుమానపడడం, ఇవి లైను మీద నిలబడినవాళ్ల ఇళ్లలో పుట్టిన పిల్లలకు ముందే కొంత తెలిసి ఉంటాయి.

నాయన రిటైరై చాలా ఏళ్లయింది. ఈ సంగతంతా చెబితే విని, మొదట నన్నేమీ అనలేదు. "ఆయమ్మకు మళ్ల బెంచి ఇచ్చినారా?" అని మాత్రం అడిగినాడు. లేదంటిని. "అయితే ఇంకా సరి కాలేదు" అనినాడు.